208 గంటలున్నాయి, కూర్చోవడానికి సీటే లేదు

ప్రశ్న:

కెప్టెన్ గారికి నమస్కారం. మాది హైదరాబాద్, కొత్తపేట. నా వయసు 24. ఇంటర్ ఎంపీసీ తరవాత మహారాష్ట్రలోని ఒక ఫ్లయింగ్ స్కూలులో చేరి, ఎనిమిది నెలల కిందట సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) అందుకున్నాను. మొత్తం 208 గంటలు ఎగిరాను. మల్టీ ఇంజిన్ రేటింగ్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (ఐఆర్, బయట కనిపించనప్పుడు పరికరాలు చూసి నడిపే అర్హత) ఉన్నాయి. అంతా కలిపి 58 లక్షలు అయింది. నాన్న ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు, ఇల్లు బ్యాంకు తాకట్టులో ఉంది. పెద్ద ఎయిర్‌లైన్లు అన్నింటికీ దరఖాస్తు చేశాను. ఒకచోట రాతపరీక్ష దాటి సైకోమెట్రిక్ (చురుకుదనం, మనస్తత్వం చూసే) పరీక్షలో పోయాను. మిగతాచోట్ల నుంచి జవాబే లేదు. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు 22 లక్షలిస్తే ఎ320 టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) చేయించి, ఉద్యోగానికి 'సాయం' చేస్తామంటున్నారు. తుర్కయంజాల్‌లో ఉన్న ఒక్క ప్లాటూ అమ్మేద్దామని నాన్న అంటున్నారు. డల్లాస్‌లో ఉన్న పెద్దమ్మ కొడుకు అక్కడికి వచ్చేయమంటున్నాడు. ఏది చేయమంటారు? మెడికల్ వచ్చే నెలలో, ఐఆర్ నాలుగు నెలల్లో ముగుస్తాయి. ఇంకొక చిన్న సందేహం: సైకోమెట్రిక్‌లో పోయిన సంగతి వేరే ఎయిర్‌లైన్ దరఖాస్తులో రాయాలా?

— ఎస్., కొత్తపేట

సమాధానం:

ముందు మీ నాన్నగారికి ఒక మాట. ప్లాటు అమ్మకండి. ఎందుకు వద్దంటున్నానో చెబుతాను గానీ, అంతకంటే తొందరైన సంగతి ఒకటి మీ అమ్మాయి ఉత్తరం చివర్లో, అప్పుడే గుర్తొచ్చినట్టు రాసింది. మెడికల్ వచ్చే నెల, ఐఆర్ నాలుగు నెలలు. అమ్మా, మీ ఉత్తరంలో అసలు వార్త అదే. డల్లాసూ అమీర్‌పేటా ఆ తరవాతే.

2023లో నిబంధనలు సవరించాక సీపీఎల్ పదేళ్ళు చెల్లుతోంది. దాంతో కొత్తవాళ్ళు చాలామంది లైసెన్సు చూసుకుని నిశ్చింతగా ఉంటున్నారు. లైసెన్సు పదేళ్ళదే. నలభై ఏళ్ళలోపు వాళ్ళకు క్లాస్ 1 మెడికల్ మాత్రం ఏడాదే, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కూడా ఏడాదే. ఎయిర్‌లైన్ ప్రకటన ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు. పడ్డాక గడువు కొద్ది రోజులే ఉండవచ్చు. అప్పుడు మెడికల్ తేదీ అడిగే గడిలో పాత తేదీ రాస్తే, మీ దరఖాస్తు మనిషి కంటపడకముందే పక్కకు పోతుంది. ఐఆర్ చెక్ అనుకున్న రోజున జరిగేది కాదు. మల్టీ ఇంజిన్ విమానం ఖాళీగా దొరకాలి, ఎగ్జామినర్ ఆ రోజు ఊళ్ళో ఉండాలి, వాతావరణం అనుకూలించాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా చాలా స్కూళ్ళలో విమానాలు నేల మీదే ఎక్కువ కనిపిస్తాయి. మెడికల్‌కు ఈ వారమే రోజు ఖరారు చేసుకోండి. మీరు చదివిన స్కూలుకు ఇవాళే ఫోను చేసి, ఐఆర్ చెక్ కోసం వరసలో పేరు రాయించండి.

ఇక ఆ 22 లక్షల సంగతి. టైప్ రేటింగ్‌లో క్లాసులు, సిమ్యులేటర్, స్కిల్ టెస్ట్ వరకూ డబ్బు కట్టిన ఎవరికైనా దొరుకుతాయి. మీ గంటల వాళ్ళకు ఆ తరవాత మరో మెట్టు ఉంది. ప్రయాణికులు లేని నిజమైన విమానంలో టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు చేయాలి. దాన్నే బేస్ ట్రైనింగ్ అంటారు. ఒక ఎ320ని ఖాళీగా రన్‌వే చుట్టూ తిప్పడానికి ఎంతవుతుందో ఊహించుకోండి. అలాంటి విమానం అమీర్‌పేటలో ఎవరి దగ్గరా ఉండదు, ఎయిర్‌లైన్ల దగ్గరే ఉంటుంది. ఈసారి ఆ ఆఫీసుకు వెళ్ళినప్పుడు ఈ ఒక్కటే అడగండి: 'బేస్ ట్రైనింగ్ ప్యాకేజీలో ఉందా? ఎవరి విమానం మీద? ఏ ఊళ్ళో?' జవాబు బదులు టీ వస్తే, తాగేసి లేచి వచ్చేయండి.

సరే, అదీ చేయించారనే అనుకుందాం. ఆ రోజు నుంచి గడియారం తిరగడం మొదలవుతుంది. గడిచిన 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు లేకపోతే మీరు ఆ విమానం మీద 'కరెంట్' కాదు, అంటే ప్రయాణికులతో నడపడానికి పనికిరారు. చెక్‌ల గడువులు వస్తూనే ఉంటాయి. ఎయిర్‌లైన్‌లో ఉన్నవాళ్ళకు వాటి ఖర్చు కంపెనీ భరిస్తుంది. మీకు మీ నాన్నగారి పెన్షనే. ఉద్యోగం రావడానికి ఏడాదిన్నర పట్టిందంటే, అప్పటికి ఆ రేటింగ్‌ను నిలబెట్టుకోవడానికే మళ్ళీ అప్పు చేయాలి. పైగా ఎ320 అని మీరు ముందే తేల్చేసుకున్నారు. ఆకాశ ఎయిర్ దగ్గర ఉన్నవన్నీ బోయింగ్ 737లే. ఇండిగోలో ఎ320లతోపాటు ఏటీఆర్ ప్రొపెల్లర్ విమానాలూ ఉన్నాయి. ఎవరు పిలుస్తారో తెలియకుండా వాళ్ళ విమానం మీద ముద్ర వేయించుకోవడాన్నే మన పెద్దలు ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు.

సొంత డబ్బుతో రేటింగ్ చేసుకుని ఉద్యోగం సంపాదించినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. టైప్ రేటింగ్ ఉన్నవాళ్ళనే ఎయిర్‌లైన్లు పిలిచిన రోజులూ ఉన్నాయి. అయితే ఆ రోజులు మొదలయ్యాక మీరు వెళ్ళి చేరవచ్చు. సిమ్యులేటర్లు ఎక్కడికీ పారిపోవు, మన హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఎయిర్‌లైన్ లెటర్‌హెడ్ మీద, మీ పేరు మీద, రేటింగ్ పూర్తయితే తీసుకుంటామన్న కాగితం చేతికి వచ్చిన రోజున మీ నాన్నగారూ మీరూ మళ్ళీ కూర్చుని లెక్క వేసుకోండి. 'సాయం' అన్న మాటకు కోర్టులో విలువ లేదు.

'దేశంలో పైలట్ల కొరత' అని టీవీల్లో అంత గోల చేస్తుంటే మిమ్మల్ని ఎవరూ ఎందుకు పిలవడం లేదు? కొరత నిజమే, మీరు ఖాళీగా ఉండటమూ నిజమే. 2023లో ఎయిరిండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు పెట్టాయి. ఆ పత్రికల శీర్షికలు చూసి ఫ్లయింగ్ స్కూళ్ళ ముందు క్యూ కట్టినవాళ్ళలో మీరూ ఉండి ఉంటారు. ఆర్డరు పెట్టిన విమానాలు వచ్చేది ఏళ్ళ తరబడి, కొన్ని అయితే చెప్పిన తేదీకి కూడా రావు. లైసెన్సులు అంతకంటే చాలా వేగంగా వస్తాయి. ఆ ఒక్క 2023లోనే, లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ 1,622 సీపీఎల్‌లు ఇచ్చింది. అదే ఏడాది మే నెలలో గో ఫస్ట్ ఆగిపోయింది. దాంతో ఎ320 మీద వేల గంటలున్నవాళ్ళు మీ పక్క కుర్చీలోకి వచ్చి కూర్చున్నారు. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్ మూతపడ్డప్పుడూ ఇదే జరిగింది. మన ఊరి నుంచే నడిచిన ట్రూజెట్ 2015లో మొదలై 2022లో ఆగిపోయింది.

2025 నవంబరులో పైలట్ల డ్యూటీ, విశ్రాంతి నిబంధనలు కట్టుదిట్టమయ్యాయి. డిసెంబరు మొదట్లో ఇండిగో సర్వీసులు కుప్పలుగా రద్దయ్యాయి. ఇక మన పిల్లలకు తిరుగులేదు అని ఫోను చేసిన తల్లిదండ్రులు నాకు తెలుసు. 208 గంటల మనిషిని ఇవాళ తీసుకున్నా, రేపు ఉదయం ఫ్లయిట్‌లో కూర్చోబెట్టలేరు. టైప్ రేటింగ్, బేస్ ట్రైనింగ్ అయ్యాక, ప్రయాణికులున్న మామూలు ఫ్లయిట్‌లలో, ట్రైనింగ్ కెప్టెన్ పక్కన లైన్ ట్రైనింగ్ ఉంటుంది. దాని మొదటి రోజుల్లో వెనక జంప్ సీటులో ఇంకొక అర్హుడైన పైలట్ కూర్చోవాలి. ఒక కొత్త కో-పైలట్‌ను తయారుచేయడానికి అనుభవమున్న ఇద్దరి సమయం పోతుంది. ఆ అనుభవజ్ఞులకే కొరత ఉన్నప్పుడు కొత్తవాళ్ళను తీసుకోవడం ఇంకా నెమ్మదిస్తుంది. ఎయిర్‌లైన్లకు సొంత క్యాడెట్ ప్రోగ్రాములూ (తామే ఎంచుకుని శిక్షణ ఇప్పించే పథకాలు) ఉన్నాయి. అందుకని మీలా విడిగా చదువుకుని వచ్చినవాళ్ళకు తలుపు మూసుకోలేదు గానీ, ఓరగా తెరిచి ఉంటుంది. మీ లోపం వల్ల పిలుపు రాలేదని మాత్రం అనుకోకండి. ఎనిమిది నెలలు ఈ రంగంలో పెద్ద ఆలస్యమేమీ కాదు.

మరి పని ఎక్కడ? నా సలహా సూటిగా చెబుతాను: ఇన్‌స్ట్రక్టర్ అవ్వండి.

ముఖం చిట్లించకండి. మన పిల్లలకు ఎందుకోగానీ, పాఠాలు చెప్పడమంటే ఎయిర్‌లైన్‌లోకి పోలేనివాళ్ళు చేసే పని అన్న అభిప్రాయం ఉంది. అసిస్టెంట్ ఫ్లయిట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ ఖర్చు ఆ 22 లక్షల్లో చిన్న భాగం. దేశంలో ఫ్లయింగ్ స్కూళ్ళు నలభైకి అటూ ఇటూగా ఉన్నాయి. విమానం ఉండి, విద్యార్థి ఉండి, ఇన్‌స్ట్రక్టర్ లేక ఎగరని ఉదయాలు వాటిలో చాలా ఉంటాయి. మీ ట్రైనింగ్‌లో ఎన్ని రోజులు అలా షెడ్డులో కూర్చున్నారో మీకే గుర్తుండాలి. ఆ ఖాళీ కుర్చీ మీదే కావచ్చు. మొదట చీఫ్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్ (సీఎఫ్‌ఐ) పర్యవేక్షణలో చెబుతారు. గంటలూ చెక్‌లూ పూర్తయ్యాక పూర్తి ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ వస్తుంది. జీతం గొప్పగా ఉండదు. ఎయిర్‌లైన్ ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) జీతంతో పోల్చుకుంటే ఏడుపొస్తుంది, పోల్చుకోకండి. గంటలు మాత్రం డబ్బు కట్టకుండా పెరుగుతాయి, అవీ కమాండ్ గంటలు, అంటే విమానం బాధ్యత మీదే అయిన గంటలు.

ఇందులో ఇంకో లాభం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలో వేయరు. స్టాల్ రికవరీ, అంటే రెక్కలకు పట్టు తప్పిన విమానాన్ని తిరిగి నిలపడం, మీరు చేయడం ఒకటి. ఎదుటివాడు తప్పు చేస్తుంటే ఎంతవరకు చూస్తూ ఉండాలో, ఏ క్షణంలో 'నా కంట్రోల్' అనాలో తెలుసుకోవడం మరొకటి. రెండోది సిమ్యులేటర్‌లో కొనుక్కునే సరుకు కాదు. పదోసారి కూడా ఫ్లేర్ (నేల తాకే ముందు ముక్కు ఎత్తడం) మరీ ఎత్తులోనే చేసే విద్యార్థి పక్కన నాలుగు నెలలు కూర్చున్నవాళ్ళకు ల్యాండింగ్ గురించి ఇంటర్వ్యూలో ఏ ప్రశ్న వేసినా తడబాటు ఉండదు. నాదర్‌గుల్, బేగంపేటల్లోని శిక్షణ సంస్థల పేర్లు మీకు కొత్త కాదు. కానీ ఇంటి దగ్గరే కావాలని పట్టుబట్టకండి. మహారాష్ట్రలో మిమ్మల్ని తయారుచేసిన స్కూలు సీఎఫ్‌ఐకే ముందు ఫోను చేయండి. మీ పనితీరు తెలిసిన మనిషి ఆయన ఒక్కరే. ఏ స్కూలులో చేరినా బాండు కాగితం చదవకుండా సంతకం పెట్టకండి. ఎన్నేళ్ళు, మధ్యలో వెళితే ఎంత కట్టాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటారా అన్నవి చూడండి. ఒరిజినల్స్ ఇవ్వమంటే ఇవ్వకండి.

విమానాలను అద్దెకు నడిపే చార్టర్ కంపెనీల దారి ఇంకొకటి. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు వెళ్ళిపోయాక బేగంపేట ఖాళీ అయిందని జనం అనుకుంటారు. వీఐపీల విమానాలు, ప్రైవేటు జెట్‌లు, ట్రైనింగ్ అక్కడ నడుస్తూనే ఉన్నాయి. ఈ కంపెనీల, అంటే నాన్-షెడ్యూల్డ్ ఆపరేటర్ల, జాబితా డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఎవరి దగ్గర ఏ విమానాలున్నాయో అందులో చూసుకోవచ్చు. హెలికాప్టర్లవాళ్ళ పేర్లు జాబితాలోంచి తీసేయండి. ఇద్దరు పైలట్లతో నడిచే కింగ్ ఎయిర్, సైటేషన్ లాంటివి ఉన్నవాళ్ళను మిగల్చండి. వీళ్ళు ప్రకటనలు ఇవ్వడం తక్కువ. తమ చీఫ్ పైలట్‌కు తెలిసిన మనిషిని తీసుకుంటారు. అందుకని హెచ్‌ఆర్ చిరునామాకు పంపిన ఈ-మెయిల్ చెత్తబుట్టలోకి పోతుంది. ఆపరేషన్స్ ఆఫీసుకు స్వయంగా వెళ్ళి, ఒక పేజీ బయోడేటా ఇచ్చి, పది నిమిషాలకు మించకుండా మాట్లాడి రండి. మూడు నెలల తరవాత ఏదైనా కొత్తది చేర్చుకున్నాక, అంటే ఇన్‌స్ట్రక్టర్ రేటింగో, ఏటీపీఎల్ (ఎయిర్‌లైన్ కెప్టెన్‌కు కావలసిన లైసెన్సు) పేపరో, దాన్ని చెప్పడానికి మళ్ళీ వెళ్ళండి.

వాళ్ళు మొదటిసారి కాదంటారు. మీ మీద చిన్నచూపుతో కాదు. చాలాచోట్ల ఇన్సూరెన్స్ కంపెనీయే ఇన్ని గంటలు లేనివాళ్ళను కూర్చోబెట్టొద్దని షరతు పెడుతుంది. వీఐపీలను తీసుకెళ్ళే ఫ్లయిట్‌లకు సిబ్బంది అనుభవం విషయంలో డీజీసీఏ షరతులు ఇంకా గట్టివి. అందుకని ఎన్నికల సీజన్‌లో చార్టర్లకు గిరాకీ పెరిగినా 208 గంటలవాళ్ళకు అది అందదు. 500 గంటలతో, ఇన్‌స్ట్రక్టర్ రేటింగుతో వెళ్ళినప్పుడు అదే ఆఫీసులో అదే మనిషి కుర్చీ చూపిస్తాడు. రెండేళ్ళకోసారి బేగంపేటలో జరిగే వింగ్స్ ఇండియాకు వెళ్ళండి గానీ విన్యాసాలు చూసే రోజున కాదు, వ్యాపార రోజుల్లో.

ఏటీఆర్‌ను తక్కువ చేయకండి. ప్రొపెల్లర్ విమానమని మూతి తిప్పుకునే పిల్లలను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇండిగో తన మొదటి ఏటీఆర్ సర్వీసును 2017 డిసెంబరులో మన హైదరాబాద్ నుంచే మొదలుపెట్టింది. అలయన్స్ ఎయిర్ ఎక్కువగా నడిపేదీ ఏటీఆర్‌లే, 2024లో ఎగరడం మొదలుపెట్టిన ఫ్లై91 దగ్గర ఉన్నవీ అవే. స్టార్ ఎయిర్ ఎంబ్రేయర్ జెట్‌లు నడుపుతోంది. రోజుకు నాలుగైదు చిన్న సెక్టార్లు, పొట్టి రన్‌వేలు, మేఘాల కింద కాదు మేఘాల్లోనే ప్రయాణం. రెండేళ్ళు అలా తిరిగినవాళ్ళకు చేయి బాగా తిరుగుతుంది. ఈ కంపెనీల కెరీర్ పేజీలను వారానికోసారి మీరే తెరిచి చూడండి. వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫార్వర్డ్ చేసేదాకా ఆగితే గడువు అయిపోతుంది.

చేరాక వదిలేయడం కూడా సులువు కాదని తెలుసుకోండి. కో-పైలట్‌కు ఆరు నెలలు, కెప్టెన్‌కు ఏడాది నోటీసు ఇవ్వాలని డీజీసీఏ నిబంధన ఉంది. ఆర్నెల్లు ఏదో చూసి దూకేద్దాం అనుకుని చిన్న కంపెనీలో చేరకండి.

డల్లాస్ అన్నయ్య మాట. ఆయన చెప్పేది అక్కడి లెక్కలో నిజమే. అక్కడ ఇన్‌స్ట్రక్టర్‌గా, బ్యానర్లు లాగుతూ, స్కైడైవర్లను పైకి చేరవేస్తూ, పైపులైన్ల మీద తిరిగి చూస్తూ గంటలు పోగుచేసే పిల్లలు వేలల్లో ఉంటారు. మన దేశంలో ఆ మెట్లు దాదాపు లేవు. 200 గంటల నుంచి నేరుగా జెట్ కాక్‌పిట్‌కు మనం వేసే పెద్ద గంతు వాళ్ళకు వింతగా ఉంటుంది. కానీ ఆ పనులు చేయడానికి అక్కడ ఉద్యోగం చేసే హక్కు ఉండాలి. స్టూడెంట్ వీసా మీద వెళ్ళి నేర్చుకోవచ్చు. ఆ తరవాత ఏళ్ళ తరబడి ఉద్యోగం చేయడం వేరే సంగతి. ఎఫ్‌ఏఏ (అక్కడి విమానయాన సంస్థ) లైసెన్సుకు మళ్ళీ డబ్బు కట్టి, గంటలు చేసి, పని దొరకక తిరిగొస్తే, చేతిలో రెండు దేశాల లైసెన్సులు, రెండు దేశాల అప్పులు ఉంటాయి.

అమెరికా మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఎయిర్‌లైన్ కో-పైలట్‌కు కూడా సాధారణంగా 1,500 గంటలు ఉండాలన్న అక్కడి నిబంధన 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర జరిగిన కోల్గన్ ఎయిర్ ప్రమాదం తరవాత వచ్చింది. విమానంలోని 49 మందితో పాటు కింద ఇంట్లో ఉన్న మనిషి కూడా చనిపోయాడు. 2010లో చట్టం చేశారు, 2013లో నిబంధన అమల్లోకి వచ్చింది. ఆ విమానం నడిపిన ఇద్దరికీ అప్పటికే 1,500 గంటలు దాటి ఉన్నాయి. కెప్టెన్‌కు మూడు వేల పైచిలుకు, కో-పైలట్‌కు రెండు వేల పైచిలుకు. స్టాల్ హెచ్చరిక వచ్చినప్పుడు ముక్కు దించాల్సింది పోయి ఎత్తడంతో విమానం చేయి దాటిపోయింది. ఇది మీకెందుకు చెబుతున్నానంటే, లాగ్‌బుక్ చివరి మొత్తం చూసి కుంగిపోతున్నట్టు మీ ఉత్తరమంతా కనిపిస్తోంది. ఎదుట కూర్చునే కెప్టెన్ ఆ మొత్తం ఒకసారి చూసి, పేజీలు వెనక్కి తిప్పి, ఏదో ఒక వరుస మీద వేలు పెడతాడు. 'ఈ సోలో క్రాస్‌కంట్రీలో గాలి ఎటునుంచి? డైవర్షన్ ఏది అనుకున్నావు?' అక్కడ నోరు పెగలకపోతే 208 అయినా 800 అయినా ఒకటే. అందుకే, ఎగరకుండానే పెన్నుతో పెంచే 'పార్కర్ గంటల' జోలికి పోకండి. 2011లో నకిలీ మార్కుల పత్రాలతో లైసెన్సులు తీసుకున్నవాళ్ళను పట్టుకున్నప్పుడు లైసెన్సులు రద్దయ్యాయి, అరెస్టులూ జరిగాయి.

ఆ ప్రశ్నలకు తయారవడానికి డబ్బు అక్కర్లేదు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆన్‌లైన్ సమాచార గ్రంథం ఈ-ఏఐపీలో మన విమానాశ్రయాల చార్టులన్నీ ఉచితంగా ఉంటాయి. రోజూ ఉదయం శంషాబాద్ మెటార్, టాఫ్ (అప్పటి వాతావరణ నివేదిక, ముందస్తు అంచనా) తీసి చదవండి. ఆ గాలికి ఏ రన్‌వే వస్తుందో మీరే తేల్చుకోండి. దాని ఐఎల్‌ఎస్ (రేడియో సంకేతాల సాయంతో దిగే పద్ధతి) చార్టు ముందు పెట్టుకుని, పక్కన కెప్టెన్ ఉన్నట్టే గట్టిగా బ్రీఫింగ్ ఇవ్వండి. ఇంట్లోవాళ్ళు వింతగా చూస్తారు, చూడనివ్వండి. లెక్కలు మన ఊరివే చేయండి. బేగంపేట ఎత్తు 1,742 అడుగులు. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత పదకొండున్నర ఉండాలి, అంటే ముప్పైన్నర డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి 120 అడుగుల చొప్పున వేస్తే, పీడనం ప్రామాణికంగానే ఉందనుకున్నా, డెన్సిటీ ఆల్టిట్యూడ్ (పలచబడిన గాలిలో విమానం ఎంత ఎత్తులో ఉన్నట్టు ప్రవర్తిస్తుందో ఆ అంకె) 5,400 అడుగులు వస్తుంది. మే నెలలో పీడనం కూడా తగ్గుతుంది కాబట్టి అసలు అంకె ఇంకా పైనే. నిండు ట్యాంకులతో ఇద్దరు ఎక్కిన సెస్నా ఆ పూట ఎందుకు ఈడుస్తూ ఎక్కుతుందో ఇప్పుడు మీరు వివరించగలరు. ఇలాంటి జవాబు కోచింగ్ నోట్సులోంచి వచ్చిందా, సొంతంగా ఆలోచించిందా అన్నది వినేవాళ్ళకు మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది.

ఈ ఖాళీలోనే ఏటీపీఎల్ పేపర్లు రాయడం మొదలుపెట్టండి. ఎయిర్ నావిగేషన్, మెటీరియాలజీ ఇంకా తలలో తాజాగా ఉన్నాయి. లైసెన్సు రావడానికి 1,500 గంటలు కావాలి గానీ పేపర్లు అంతదాకా ఆగనక్కర్లేదు. సైకోమెట్రిక్‌లో పోయానన్నారు. అందులో సగం భాగం చేయి, కన్ను, చెవి ఒకేసారి పనిచేయడం, రెండో సగం నిజాయితీగా జవాబులివ్వడం. మొదటిది సాధనతో బాగా పెరుగుతుంది. రెండోదానికి 'ఎయిర్‌లైన్ కోరే జవాబు' వెతుక్కునేవాళ్ళే ఎక్కువగా దెబ్బతింటారు. అదే ప్రశ్న వేరే మాటల్లో మళ్ళీ వస్తుంది, జవాబు మారిపోతుంది, మెషీన్ పట్టేస్తుంది.

ఇంట్లో డబ్బు రావాలి కదా అంటారు. హైదరాబాద్‌లో సీపీఎల్ గ్రౌండ్ క్లాసులు చెప్పే కోచింగ్ సెంటర్లు ఉన్నాయి. మెటీరియాలజీ లేదా నావిగేషన్ చెప్పండి. ఇన్‌స్ట్రక్టర్ పనికి అది సాధన కూడా. ఎయిర్‌లైన్ ఆపరేషన్స్ కంట్రోల్, ఫ్లయిట్ డిస్పాచ్ ఉద్యోగాలకు సీపీఎల్ ఉన్నవాళ్ళు బాగా పనికొస్తారు. నెల జీతం వస్తుంది, ఎయిర్‌లైన్ లోపలి భాష వస్తుంది, చీఫ్ పైలట్ మిమ్మల్ని రోజూ చూస్తాడు. డ్రోన్ పైలట్ సర్టిఫికెట్ తీసుకోమని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. సంపాదనకు తీసుకోండి, తప్పులేదు. ఆ గంటలు విమానం లాగ్‌బుక్‌లోకి రావు.

మీకు డిగ్రీ లేదని ఉత్తరం చెబుతోంది. సీపీఎల్‌కు ఇంటర్ చాలు గానీ జీవితానికి చాలదు. జూబ్లీహిల్స్‌లో అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది, ఈ ఏడాదే చేరండి. మెడికల్ కారణంగా కాక్‌పిట్ ఒక్కసారి మూసుకుపోతే, ముప్పై ఐదేళ్ళ వయసులో ఇంటర్ సర్టిఫికెట్ పట్టుకుని ఎవరినీ అడగలేరు. గణితం, భౌతికశాస్త్రంతో బీఎస్సీ చేస్తే ఏటీసీ (విమానాల రాకపోకలను నియంత్రించే ఉద్యోగం) పరీక్షలు కూడా రాసుకోవచ్చు.

విద్యారుణమైతే, బ్యాంకుకు మీరే వెళ్ళి మేనేజరును కలవండి, నాన్నను పంపకండి. వాయిదా తప్పాక వెళ్ళిన మనిషిని చూసే చూపు వేరు, ముందే వెళ్ళి కాలవ్యవధి పెంచమని అడిగిన మనిషిని చూసే చూపు వేరు. 'మీ అమ్మాయి మిమ్మల్ని ఇంకా విమానం ఎక్కించలేదా' అని అడిగే బంధువులకు జవాబు చెప్పే బాధ్యత మీ నాన్నగారికే వదిలేయండి. ఆర్టీసీలో అంతకాలం చేసిన మనిషికి ప్రయాణికుల ప్రశ్నలు కొత్త కాదు.

చివరిగా సైకోమెట్రిక్ సంగతి. ఫారంలో అడిగితే తప్పకుండా రాయండి. ఏ ఎయిర్‌లైన్, ఏ నెల, ఏ దశ వరకు వెళ్ళారు, అంతే. సంజాయిషీ అక్కర్లేదు. అడగకపోతే మీరై రాయనక్కర్లేదు. ఇంటర్వ్యూలో నోటితో అడిగితే అప్పుడు చెప్పండి. మీరు పోయినచోటే మళ్ళీ రాయాలంటే చాలా ఎయిర్‌లైన్లు కొన్ని నెలల విరామం పెడతాయి. ఆ గడువు ఎంతో వాళ్ళ ఈ-మెయిల్‌లోనే ఉంటుంది, వెతికి చూడండి. గడువుకు ముందే వేరే ఈ-మెయిల్ ఐడీతో దరఖాస్తు పెట్టమని ఎవరైనా చెబితే వినకండి. డీజీసీఏ మీకిచ్చిన కంప్యూటర్ నంబరు, పుట్టిన తేదీ మారవు కదా.